బీట్‌రూట్, పాలకూర, స్విస్ చార్డ్: మూడూ ఒకే మొక్క, మరి మీ మడిలో ఏది వెయ్యాలి?

దసరాకు కోరాపుట్ కొండల్లోని సిమిలిగుడ నుంచి అక్క వచ్చినప్పుడు సంచిలోంచి మూడు విత్తనాల పొట్లాలు తీసి నా ముందు పెట్టింది. ఒకటి బీట్‌రూట్, ఒకటి పాలకూర, మూడోది స్విస్ చార్డ్ అని రాసి, ఎరుపు పసుపు నారింజ కాడల బొమ్మ ఉన్న ఖరీదైన ప్యాకెట్. "ఏటే, నువ్వు బోటనీ చదివావు కదా, నాకున్నది ఒక్క మడి, ఈ మూడింట్లో ఏది వెయ్యమంటావు?" అంది. నేను జవాబు చెప్పకుండా మూడు పొట్లాలూ విప్పి కాగితం మీద విడివిడిగా పోశాను. గోధుమరంగులో, గరుగ్గా, మిరియపు గింజంత గడ్డల్లాంటి విత్తనాలు మూడు కుప్పలు. ఏ కుప్ప ఏ పొట్లంలోదో చెప్పమంటే అక్క చెప్పలేకపోయింది. కళ్ళు మూసి కుప్పలు అటూ ఇటూ మారిస్తే నేనూ చెప్పలేను.

ఎందుకంటే మూడూ ఒకే జాతి. బీటా వల్గారిస్. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టిన పేరు ఇప్పటికీ అదే. మనం తినే ఎర్ర దుంప, వారానికి రెండుసార్లు పప్పులో వేసుకునే పాలకూర, ఫోన్లో బొమ్మలు చూసి ముచ్చటపడే చార్డ్, ఇవన్నీ యూరప్ సముద్రతీరాల్లో ఉప్పుగాలిలో పెరిగే ఒక అడవి మొక్క పిల్లలు. ఆ అడవి మొక్కను లిన్నేయస్ 1762లో వేరే జాతిగా విడదీశాడు గానీ ఇప్పుడు దాన్ని బీటా వల్గారిస్‌లోనే మారిటిమా అనే ఉపజాతిగా ఉంచుతున్నారు, మనం పండించేవన్నీ వల్గారిస్ అనే ఉపజాతి కిందికి వస్తాయి.

కాబట్టి అక్క అడిగిన ప్రశ్న మూడు కూరగాయల్లో ఒకటి ఎంచుకోవడం గురించి కాదని నా అభిప్రాయం. ఒకే మొక్కలో మీకు ఏ భాగం కావాలి, ఆ భాగాన్ని మీ ఊరి చలి ఊరనిస్తుందా అన్నదే చూడాలి. ఇది తెలిస్తే డబ్బూ మిగులుతుంది, మడీ వృథా కాదు.

ముందు చుట్టరికం సంగతి

నేను డిగ్రీ చదివినప్పుడు బీట్‌రూట్‌ది చీనోపోడియేసీ కుటుంబమని రాశాం, పాత పుస్తకాల్లో ఇప్పటికీ అదే ఉంటుంది. 1998 నుంచి వచ్చిన కొత్త వర్గీకరణలో ఆ కుటుంబాన్ని అమరాంథేసీలో, అంటే మన తోటకూర కుటుంబంలో కలిపేశారు. ఇది కాగితం మీద మార్పే అనుకోకండి, కంటికి కనబడే సాక్ష్యం ఉంది. బీట్‌రూట్ ఎరుపు, ఎర్ర తోటకూర ఎరుపు, ఎర్ర తీగబచ్చలి కాడ రంగు, గోడ మీద కాగితం పూల రంగు, డ్రాగన్ ఫ్రూట్ లోపలి గులాబీ, ఇవన్నీ బీటాలెయిన్లు అనే ఒకే రకం రంగు పదార్థాలు. వంకాయ తొక్కలోదీ, నేరేడు పండులోదీ వేరే రంగు, వాటిని ఆంథోసయనిన్లు అంటారు. ఈ రెండు రకాలూ ఒకే మొక్కలో కలిసి కనబడవు. చార్డ్ కాడల్లో ఎరుపు ఒక బీటాలెయిన్, పసుపు ఇంకో బీటాలెయిన్, రెండూ కలిస్తే నారింజ. అంటే ఆ ఖరీదైన ప్యాకెట్ మీద ఉన్న ఇంద్రధనుస్సు అంతా బీట్‌రూట్ దుంపలో ఉన్న సరుకే, కాడలోకి వచ్చి కూర్చుంది.

బీటా వల్గారిస్‌లో పంట రకాలను నాలుగు గుంపులుగా చెప్పుకోవచ్చు. 1999లో కొందరు డచ్చి శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన పద్ధతి ఇది, నాకు అన్నిటికంటే తేలిగ్గా అనిపిస్తుంది: ఆకు బీట్, తోట బీట్, మేత బీట్, చక్కెర బీట్. చివరి రెండూ మన పెరటికి పనికొచ్చేవి కావు కాబట్టి వాటి గురించి ఒక్క మాటలో వదిలేస్తాను. బీట్‌లో ఉన్నది చెరకులో ఉన్న చక్కెరేనని బెర్లిన్‌లో మార్‌గ్రాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త 1747లో చూపించాడు, ఆయన శిష్యుడు అషార్డ్ ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి సైలీషియాలో ఫ్యాక్టరీ పెట్టాడు, అక్కడి నుంచి యూరప్ తన చక్కెర తానే పండించుకుంది.

తోట బీట్ అంటే మన బీట్‌రూట్. ఆకు బీట్‌లో చార్డూ ఉంది, పాలకూరా ఉంది.

ఈ పాలకూర మాటే చాలామందికి నమ్మశక్యం కాదు. ఇంగ్లీషులో స్పినాచ్ అని అందరం రాసేస్తాం, కానీ అసలు స్పినాచ్ వేరు, దాని పేరు స్పినాసియా ఒలరేసియా, అది కూడా తోటకూర కుటుంబమే గానీ జాతి వేరు, జాతికి పై మెట్టయిన ప్రజాతే వేరు. మన సంతల్లో మామూలుగా అమ్మే దేశీ పాలకూర బీటా వల్గారిస్‌లో బెంగాలెన్సిస్ అనే రకం. బెంగాల్ పేరుతో దీన్ని రాసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా బొటానికల్ తోటకు వెళ్ళకముందు మన సామర్లకోటలోనే చాలా ఏళ్ళు పనిచేశాడు, మన కోస్తా మొక్కలు ఆయన చేతిలో ఎన్నో పేర్లు పొందాయి. మా పర్లాకిమిడి బజార్లో ఒడియా అమ్మలు దీన్ని పాళంగ శాగ అంటారు, సంస్కృతంలో పాలంక్య అన్న మాటకు అది మన పాలకూర కంటే దగ్గరగా ఉంది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకున్న ఊరు మాది, ఒకే ఆకుకు మూడు భాషల్లో మూడు పేర్లుంటే ఇక్కడ ఎవరూ కంగారుపడరు.

మీ చేతిలో ఉన్నది దేశీ పాలకూరా, విలాయతి పాలకూరా అని తెలుసుకోవాలంటే విత్తనం చూడండి. బీటా విత్తనం నిజానికి ఒక గింజ కాదు, రెండు మూడు నాలుగు కాయలు అతుక్కుని గట్టిపడిన గడ్డ. స్పినాసియా గింజ ఒంటిగా ఉంటుంది, కొన్ని గుండ్రంగా నున్నగా, కొన్ని ముళ్ళతో. ఆకులో అయితే దేశీ పాలకూర ఆకు దళసరి, నున్నగా, కోడిగుడ్డు ఆకారంలో కొంచెం పొడుగు. స్పినాసియా ఆకు పల్చగా, చాలా రకాల్లో అడుగున బాణం మొనలా రెండు కొసలు సాగి ఉంటుంది. ఇంకో తేడా, స్పినాసియాలో మగ మొక్కలు వేరు, ఆడ మొక్కలు వేరు. బీటాలో ఒకే పువ్వులో రెండూ ఉంటాయి.

ఏ భాగం ఊరింది?

బీట్‌రూట్‌ను అడ్డంగా కోసి చూడండి, వృత్తాలు కనబడతాయి. చెట్టు మానులో ఏడాదికి ఒక వలయం పడుతుంది కదా, ఇక్కడ అలా కాదు. ముల్లంగికీ క్యారెట్‌కీ ఒకే ఒక్క పెరుగుదల పొర ఉంటుంది, బీట్‌కు ఒకదాని బయట ఒకటి చొప్పున చాలా పొరలు, అవన్నీ మొక్క చిన్నగా ఉన్నప్పుడే దాదాపు ఏర్పడిపోతాయి. తర్వాత ఒక్కో పొరా తన మధ్య జాగాలో చక్కెరా నీళ్ళూ నింపుకుంటూ ఉబ్బుతుంది. అందుకే మొదటి నెలలో మొక్కలు ఇరుకుగా పెరిగితే ఆ తర్వాత ఎంత గత్తం వేసినా దుంప సరిగా ఊరదు. మనం దుంప అనేది కూడా మొత్తం వేరు కాదు, పై భాగం మొలక కాండం, కింది భాగం తల్లివేరు, రెండూ కలిసి ఊరినది.

ఇలా నింపుకోవడానికి చలి కావాలి. పగలు 20 డిగ్రీల చుట్టుపక్కల, రాత్రి అంతకంటే చల్లగా ఉంటే రంగూ తీపీ బాగా పడతాయి. ఎండ ముదిరితే వృత్తాల మధ్య తెల్ల చారలు తేలతాయి, దుంప పీచుగా మారుతుంది. నేను ఒక ఏడాది మాఘమాసం దాటాక, ఇక్కడ ఎండలు మొదలయ్యాక బీట్‌రూట్ విత్తాను. ఆకులు మాత్రం మోకాలెత్తు వచ్చాయి, తవ్వితే బొటనవేలంత దుంపలు, లోపల తెల్ల చారలు. ఆకులతో పప్పు చేసుకున్నాం.

చార్డ్‌లో ఊరింది కాడ, ఆకు మధ్య ఈనె. వేరు సన్నగా, గట్టిగా, కొమ్మలుగా ఉంటుంది, తినడానికి పనికిరాదు. పేరులో స్విస్ ఉంది గానీ ఈ మొక్క స్విట్జర్లాండ్‌లో పుట్టింది కాదు, మధ్యధరా తీరం వాళ్ళు దుంప బీట్‌ల కంటే ముందు నుంచీ తింటున్న ఆకు ఇది. పాత రోజుల్లో బీట్ అంటే ఆకే, ఎర్రగా గుండ్రంగా ఊరిన దుంపలు చాలా తర్వాత వచ్చాయి.

పాలకూరలో ఏదీ ఊరలేదు. మన దేశంలో రైతులు దాన్ని మెత్తటి ఆకు కోసం, తొందరగా కోతకు రావడం కోసం, వేడిని ఓర్చుకోవడం కోసం ఎంచుకుంటూ వచ్చారు. నా దృష్టిలో అదే దాని గొప్పతనం, దాన్ని చార్డ్ కంటే తక్కువగా చూడటం నాకు నచ్చదు.

ఇక ఎంపిక

పర్లాకిమిడి, గుణుపూర్, బరంపురం లాంటి కొండల కింది ఊళ్ళలో ఉన్నవాళ్ళు ఒక్కటే వెయ్యాలంటే పాలకూర వెయ్యండి. ఆల్ గ్రీన్, పూసా జ్యోతి లాంటి రకాలు ఎక్కడైనా దొరుకుతాయి. విత్తిన నెలకు మొదటి కోత, ఆ తర్వాత రెండు మూడు వారాలకొకటి చొప్పున నాలుగైదు కోతలు వస్తాయి. నడి వేసవిలో మాత్రం కాస్త నీడ కావాలి, పొద్దు పెరిగేకొద్దీ తొందరగా పూతకు వచ్చేస్తుంది.

ఇదే కింది ఊళ్ళలో బీట్‌రూట్‌కు కార్తీకం అసలు అదును. అక్టోబరు చివర, నవంబరు మొదట్లో విత్తితే రెండు రెండున్నర నెలల్లో, ఎండలు రాకముందే దుంప చేతికొస్తుంది. తొందరగా వచ్చే క్రిమ్సన్ గ్లోబ్ మనకు మేలు. డెట్రాయిట్ డార్క్ రెడ్ రంగు చాలా బాగుంటుంది గానీ ఇంకొన్ని వారాలు అడుగుతుంది, ఆ వారాలు కింది ఊళ్ళలో మన చేతిలో ఉండవు.

చార్డ్ ఇక్కడ చలికాలంలో కుండీల్లో అందంగానే వస్తుంది. కానీ దాన్ని దగ్గర పెట్టుకునే లాభమేమిటంటే నెలల తరబడి పక్క ఆకులు కోసుకుంటూ పోవచ్చు, మార్చి వచ్చేసరికి కాడలు పీచెక్కితే ఆ లాభం పోయినట్టే. మడి ఒక్కటే ఉంటే మాత్రం నేను వెయ్యను.

అక్క ఊరి లెక్క పూర్తిగా వేరు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కాక గాలి మారిపోతుంది, కోరాపుట్ ఎత్తు దాదాపు 870 మీటర్లు, సిమిలిగుడ పక్కనే దేవమాలి కొండ 1672 మీటర్లు. అక్కడ చలికాలం రాత్రులు రజాయి లేకుండా గడవవు. అలాంటి చోట చార్డ్ వేస్తే దాని విలువ తెలుస్తుంది, కాడ అరచేతి పొడవున, దళసరిగా, పీచు లేకుండా వస్తుంది. బీట్‌రూట్ కూడా డెట్రాయిట్ రకమే నిశ్చింతగా వేసుకోవచ్చు. "అయితే పాలకూర వద్దంటావా?" అంది అక్క. వద్దని కాదు, అక్కడి వారపు సంతలో పాళంగ శాగ ఎప్పుడూ దొరుకుతుంది, చార్డ్ దొరకదు, దొరకనిదాన్ని పెరట్లో పెంచుకోమన్నాను.

కాకపోతే కొండ మీద ఎర్ర నేలతో ఒక చిక్కుంది. ఆ నేల పులుపు నేల, బీట్ జాతికి పులుపు పడదు. పుట్టింది సముద్రపు ఒడ్డున కదా, కాస్త ఉప్పును ఓర్చుకుంటుంది గానీ పులుపు నేలలో మొక్క పసుపెక్కి అక్కడే ఆగిపోతుంది. విత్తడానికి రెండు మూడు వారాల ముందు వ్యవసాయ సున్నం చల్లి కలపాలి, నేల పరీక్ష చేయించి మోతాదు తెలుసుకుంటే మంచిది. రెండోది బోరాన్ అనే సూక్ష్మ పోషకం. అది తక్కువైతే దుంప లోపల నల్లటి గట్టి మచ్చలు, మొక్క నడుమ లేత ఆకులు నల్లబడి చచ్చిపోవడం కనబడతాయి, చాలామంది దీన్ని పురుగు అనుకుని మందు కొడతారు. సెంటు మడికి 40 గ్రాముల బోరాక్స్ ఇసుకలో కలిపి సమంగా చల్లితే చాలు. ఎక్కువ వేస్తే విషం, అందులోనూ తర్వాత వేసే చిక్కుడు లాంటి పంటలు తట్టుకోలేవు.

మూడింటికీ విత్తే తీరు ఒకటే. రాత్రి నానబెట్టి పొద్దున్నే వేలి మొదటి కణుపు లోతు కూడా లేకుండా విత్తండి. ఒక గడ్డ నుంచి రెండు మూడు మొలకలు వస్తాయి, గింజ ఎక్కువ వేశానేమోనని అనుకోకండి, దాని స్వభావం అది. ఒంటి మొలక వచ్చే బీట్‌ను 1948లో అమెరికాలో సావిట్‌స్కీ అనే శాస్త్రవేత్త విత్తన పొలాల్లో వెతికి వెతికి ఐదంటే ఐదు మొక్కల్లో పట్టుకున్నాడు, చక్కెర బీట్ సాగులో అదనపు మొలకలు తీసే కూలీల నడుము నొప్పి దానితో తగ్గింది. మన పెరట్లో మాత్రం కత్తెరే గతి. మొలకలు నాలుగాకుల మీద ఉన్నప్పుడు బలమైనదాన్ని ఉంచి మిగతావి మొదట్లో కత్తిరించండి, లాగితే పక్కదాని వేరు కదులుతుంది. బీట్‌రూట్‌కు బెత్తెడు ఎడం, చార్డ్‌కు అడుగు ఎడం, పాలకూరకు తీత అక్కర్లేదు, ఒత్తుగా ఉంటేనే ఆకు లేతగా ఉంటుంది. తీసేసిన మొలకలు పారేయకండి, పప్పులో వేస్తే అమృతం.

ఒక దుకాణంలో నేను చార్డ్ అని కొన్న ప్యాకెట్ పచ్చటి మామూలు పాలకూరగా మొలిచింది. విత్తనంలో తేడా తెలియదు కాబట్టి ఇలాంటిది కొన్నప్పుడు పట్టుకోలేం, మొలకల్లోనే చూసుకోవాలి. రంగు చార్డ్ అయితే నేల పైకి రాగానే మొలక కాడ ఎర్రగానో, పసుపుగానో ఉంటుంది. తెల్ల కాడ రకం ఫోర్డ్‌హుక్ జెయింట్ అయితే నెలన్నర ఆగాలి, అప్పటికి కాడ వెడల్పుగా బల్లపరుపుగా సాగుతుంది, పాలకూర కాడ సన్నగానే ఉండిపోతుంది.

ఇంకో మాట, ఇది ముఖ్యమైనది. పాలకూర తీసేసిన మడిలో బీట్‌రూట్ వేసి పంట మార్చాననుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. జాతి ఒకటే అయినప్పుడు తెగుళ్ళూ ఒకటే. ఆకు మీద గుండ్రటి మచ్చలు, నడుమ బూడిదరంగు, అంచున ఎరుపు, అది సెర్కోస్పోరా మచ్చ తెగులు, వానల్లో మూడింటికీ వస్తుంది. పంట మార్చాలంటే చిక్కుడో వంగో వెయ్యండి.

వంటింట్లో

బీట్‌రూట్ కొనేటప్పుడు ఆకులతో ఉన్న కట్టే కొనండి, ఆకు తాజాగా ఉందంటే దుంపా తాజాదే, ఒక ధరకు రెండు కూరలు. ఇంటికి రాగానే రెండు వేళ్ళ కాడ మిగిల్చి ఆకులు కోసెయ్యాలి, లేకపోతే ఆకులు దుంపలోని తడి లాగేస్తాయి. ఉడకబెడితే తొక్కతోనే ఉడకబెట్టండి, బీటాలెయిన్ నీళ్ళలో కరిగిపోయే రంగు. కూరలో రెండు చుక్కల చింతపండు పులుసు పడితే ఎరుపు నిలుస్తుంది, ఎక్కువసేపు మూత లేకుండా వేపితే గోధుమరంగుకు తిరుగుతుంది.

చార్డ్ కాడనూ ఆకునూ కలిపి వండితే రెండూ పాడవుతాయి. కాడలు అంగుళం ముక్కలు చేసి, తోటకూర కాడల్లా పులుసులోనో, ఆవ పెట్టో చెయ్యండి. మా ఇంట్లో ఆవ పెట్టిన చార్డ్ కాడ మొదటిసారి తిన్నప్పుడు మా అత్తగారు ఇది తోటకూరలో ఏ రకమని అడిగారు, కుటుంబం వరకు ఆవిడ సరిగ్గానే పట్టారు. ఆకును మా పక్కింటి ఒడియా వాళ్ళలా వెల్లుల్లి, ఎండుమిర్చి వేసి శాగ భజా చేస్తే చాలు.

బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం గులాబీరంగులో వస్తే టెన్షన్ పడకండి, కొందరికి ఆ రంగు అలాగే బయటికి వస్తుంది. బీట్‌రూట్ తినకపోయినా ఎర్రగా ఉంటే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. కిడ్నీలో రాళ్ళు ఉన్నవాళ్ళకు ఈ మూడింట్లో ఏది మంచిదని అడుగుతుంటారు, ఏదీ కాదు. బీట్ ఆకు, చార్డ్, పాలకూర మూడింట్లోనూ రాళ్ళకు కారణమయ్యే ఆక్సలేట్ ఎక్కువ, దుంపలోనూ ఉంటుంది. ఉడికించి నీళ్ళు పారబోస్తే కొంత తగ్గుతుంది గానీ డాక్టర్ మానమంటే మానెయ్యడమే.

విత్తనం సొంతంగా దాచుకోవాలనుకుంటే కింది ఊళ్ళలో పాలకూర ఒక్కటే సాధ్యం. బీట్‌రూట్, చార్డ్ రెండేళ్ళ మొక్కలు, కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితే తప్ప పువ్వు కాడ వెయ్యవు, అందుకే బీట్‌రూట్ విత్తనం కొండ ప్రాంతాల నుంచే వస్తుంది. అక్క ఊళ్ళో చలికి ఒకటో రెండో మొక్కలు పూతకు రావచ్చు, కానీ పక్కనే పాలకూర కూడా పూస్తే గాలికి పుప్పొడి కలిసిపోతుంది, ఆ గింజ మొలిస్తే సన్న వేరూ సన్న కాడా ఉన్న ఏదో ఒక ఆకు వస్తుంది. అందుకని పువ్వు కాడ వేసిన మొక్కను కనబడగానే కోసెయ్యమని చెప్పి, చార్డ్, బీట్‌రూట్ పొట్లాలు అక్క సంచిలో పెట్టి, పాలకూర పొట్లం నేను ఉంచుకున్నాను.